ముక్కుపుడక తీసిన రోజు

పెద్ద యుద్ధం ముగిసిన రోజులు. నేను మాచర్ల దగ్గర పల్లెకు కాపురానికి వచ్చిన కొత్త. పాలు పితుకుతుంటే గేదె తన్ని నా ముక్కు పక్కకు ఒరిగిపోయింది. అందం సంగతి అటుంచితే, పడుకుంటే ఊపిరాడేది కాదు. మావారు నన్ను నరసరావుపేటలో, పటాలంలో పనిచేసి వచ్చిన డాక్టరుకు చూపించారు.

"లోపలి గోడ వంగి గాలికి అడ్డం పడింది. దాన్ని సరిచేసి పైఎముక నిలబెడితే ఊపిరీ ఆడుతుంది, ముక్కూ చక్కబడుతుంది. ముందు ముక్కుపుడక తీయండి" అన్నాడు డాక్టరు.

మా వెంట వచ్చిన అత్తయ్య ఒప్పుకోలేదు. "మొగుడు బతికుండంగా ముక్కుపుడక తీసేదేంది? నా కొడుక్కేమన్నా అయితే?"

"నేనీడనే నిలబడతాలే అమ్మా, చూస్తా ఉండు" అన్నారు మావారు.

ముక్కుపుడక తీసి ముక్కుకు తిమ్మిరి మందు పెట్టారు గానీ నాకు తెలివి ఉంది. కళ్లమీద గుడ్డ కప్పారు. డాక్టరు ఉలి ఆనించి సుత్తితో కొట్టగానే ఎముక పెటుక్కుమంది. వెంటనే దభీమని ఎవరో పడ్డ చప్పుడు.

"నా కొడుకు పోయాడ్రో!" గుమ్మంలోంచి అత్తయ్య కేక.

నేను లేవబోయాను. "కదలకమ్మా! ఉలి జారితే కన్ను పోతుంది!" అంటూ డాక్టరు నా తల అదిమిపట్టాడు. తాళి గుప్పిట్లో బిగించి, కట్టెలా పడుకున్నాను. ముక్కు కోసం మొగుణ్ణి పోగొట్టుకున్నాననే అనుకున్నాను.

కాసేపటికి నేలమీంచి మావారి గొంతు వినబడింది. "అరవమాకమ్మా, నెత్తురు చూసి కళ్లు తిరిగినయ్, అంతే."

కట్టు విప్పిన రోజు ముక్కునిండా గాలి పీల్చి ఏడ్చేశాను. ముక్కు తిన్నగా ఉంది. అత్తయ్య దాన్ని చూడనైనా లేదు. ముక్కుపుడక పెట్టి, మర బిగించి, కొడుకు వైపు తిరిగింది.

"ఇప్పుడెట్టా ఉందిరా నీకు?"