తవుడు మీద ఒకే జాడ

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. పెద్దదేమీ కాదు. నాలుగైదు మాటలు. బీడీ ఒక దమ్ము పీల్చినంత సేపు కూడా పట్టలేదు చెప్పడానికి. దాన్ని లోపల పెట్టుకునే పెళ్లి చేసుకున్నాను, పిల్లలను పెంచాను, పత్రికలో పెద్ద ఉద్యోగానికి వెళ్లాను, కొత్తగా చేరిన విలేకరులకు ఉన్నది ఉన్నట్టు రాయడం ఎలాగో పాఠాలు కూడా చెప్పాను. ఆ పాఠాలు చెబుతున్నప్పుడు నా గొంతు ఎన్నడూ తడబడలేదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను. నిదానంగా వినండి. నేనూ తొందరపడను. ఒకసారి తొందరపడ్డందుకే ఇదంతా.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. నేను కామారెడ్డిలో ఒక హైదరాబాదు పత్రికకు విలేకరిని. సాయంత్రం రైలుబండిలో గార్డు చేతికి కవరు అందితే మర్నాటి పత్రికలో వార్త పడేది. అందకపోతే ఆ తర్వాత అది వార్తే కాదు. అందుకని మాలో ఒక అలవాటు ఉండేది. సభ ముగియకముందే ముగిసినట్టు రాసేవాళ్లం. అధ్యక్షుడు కుర్చీలోంచి లేవకముందే మా కాగితంలో ఆయన ఉపన్యాసం అయిపోయేది. జనం చప్పట్లు కొట్టకముందే మేం కొట్టించేవాళ్లం. ఎవరికి నష్టం అనుకునేవాణ్ని. చాలాసార్లు మేం రాసినట్టే జరిగేది కూడా. జరుగుతున్నకొద్దీ, నేను రాస్తేనే జరుగుతుందన్న పొగరు ఒకటి నాకు తెలియకుండానే పెరిగిందేమో.

ఇక శాంతమ్మ సంగతి.

ఆమెది ఎల్లారెడ్డి. తల్లి నాట్ల రోజుల్లో నాట్లకు పోయేది, వడ్లు వచ్చే కాలంలో కామారెడ్డిలో చెల్లెలింట ఉండి, స్టేషన్ పక్కనున్న బియ్యం మిల్లులో ఊడ్చే పని చేసేది. శాంతమ్మ మాత్రం ఎల్లారెడ్డి మిషన్ బంగ్లాలో దొరసానికి ఇంటిపనిలో సాయం చేస్తూ అక్కడే చదువుకుంది. ఆ దొరసాని చిన్నతనంలో తన దేశంలో, చలికాలం గడ్డకట్టిన నీళ్ల మీద ఇనుప అంచుల బూట్లతో ఆడిన మనిషి. ఇక్కడ గడ్డకట్టే నీళ్లు ఎక్కడివి? చక్రాల బూట్లు తెప్పించుకుని వరండాలో తిరిగేది. మోకాళ్లు మొరాయించాక ఆ బూట్లూ, ఆ విద్యా రెండూ శాంతమ్మకు ఇచ్చేసింది.

ఆ ఆటలో వేగం ముఖ్యం కాదు. గీత ముఖ్యం. రెండు సున్నాలు పక్కపక్కన ఆనించినట్టుండే దారి మీద, ఒంటికాలి మీద ఒరిగి మూడుసార్లు తిరగాలి. మొదటిసారి పడిన జాడ మీదే రెండోదీ మూడోదీ పడాలి. తిరగడం అయ్యాక నిర్ణేత వచ్చి, వంగి, నేల మీది జాడ చూస్తాడు. మంచు మీదైతే గీత దానంతటదే పడుతుంది. గచ్చు మీద పడదు. మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద పలచగా తవుడు చల్లి తిరిగితే జాడ తెలుస్తుందన్న ఉపాయం శాంతమ్మదే. తల్లిని చూడటానికి వచ్చినప్పుడల్లా, పని ఆగిన వేళ ఆ గచ్చు మీద తిరిగేది. మిల్లులో ఆడవాళ్లు ఊరుకుంటారా?

‘‘ఏందే శాంతీ, కాళ్లకు బండి కట్టుకున్నవ్, ఎద్దులేవి?’’

‘‘మామను తోలుకరాపో అత్తా, కడుత!’’

ఆ నవ్వులు నేనూ విన్నాను. నేనూ నవ్వాను.

బొంబాయిలో దేశమంతటికీ కలిపి ఆ ఆటకు పోటీ పెట్టారు. మా వైపు నుంచి ఒక్కరినే పంపాలి. ఎంచే పని సికింద్రాబాదులో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దమనిషికి అప్పగించారు. పేర్లు ఇచ్చింది ఇద్దరే. ఒకరు శాంతమ్మ. ఇంకొకరు నస్రుల్లాబాద్ వైపు పటేల్ గారి కొడుకు గోపాల్ రెడ్డి, హైదరాబాదులో చదువుకుంటూ ఆట నేర్చుకున్నవాడు. ఇద్దరూ మా జిల్లావాళ్లే కాబట్టి పెద్దమనిషే కామారెడ్డికి వచ్చాడు. ఇంకెక్కడా అంత చదునైన గచ్చు లేదు కాబట్టి మిల్లులోనే పోటీ.

గోపాల్ రెడ్డికి అది సరదా. శాంతమ్మకు కాదు. బొంబాయి వెళ్లి ఆడి వస్తే సికింద్రాబాదు ఆడపిల్లల బడిలో ఆటల పంతులమ్మ ఉద్యోగం ఇప్పిస్తానని దొరసాని మాట ఇచ్చింది. నెల జీతం, ఉండటానికి గది. లేకపోతే తల్లి వెంట బురదలోకే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

ఆ రోజు మబ్బు లేదు. ముందు గోపాల్ రెడ్డి తిరిగాడు. బాగా తిరిగాడు. అతని జాడ మూడు పాయల జడలాగా అక్కడక్కడ విడిపోయి మళ్లీ కలిసింది. పెద్దమనిషి తల ఊపాడు, పటేల్ గారి మనుషులు చప్పట్లు కొట్టారు. మిల్లువాళ్లు ఆ తవుడు ఊడ్చి కొత్తగా చల్లుతున్నారు. శాంతమ్మ పక్కన కూర్చుని బూట్ల పట్టీలు బిగించుకుంటోంది. బండి వేళ దగ్గర పడింది. నేను గోడకు ఆనుకుని నా వార్తకు చివరి వాక్యం రాశాను: గోపాల్ రెడ్డి ఎంపికయ్యాడు, ఇంకో అభ్యర్థి ఓడిపోయింది. కవరు మూసి జట్కా అతనికిచ్చి స్టేషనుకు పంపాను.

పటేల్ గారు నాకేమీ ఇవ్వలేదు. ఆయనంటే భయమూ లేదు. మరి ఎందుకు అలా రాశాను? నాట్లువేసే మనిషి బిడ్డ గెలవవచ్చన్నది నాకు తోచనే లేదు. అంతే. ఈ ‘అంతే’లో ఎంత ఉందో అర్థం కావడానికి నాకు ముసలితనం రావలసి వచ్చింది.

శాంతమ్మ తిరగడం మొదలుపెట్టింది. చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుని, చేతులు కొంచెం చాపి, నీళ్ల బిందె తొణకకుండా నడిచే మనిషిలాగా. ఎవరి వైపూ చూడలేదు. సరిగ్గా అప్పుడే పటేల్ గారు పెద్దమనిషికి చాయ్ అందించి మాటల్లోకి దించారు. కావాలని చేశారని నేను అనను. పెద్దమనిషి ఆమె మొదలుపెట్టడం చూశాడు, ఆగడం చూశాడు. నడుమ చూడలేదు. నేను చూశాను. చూడటం నా పని. ఒకసారి, రెండోసారి, మూడోసారి. చక్రాలు గచ్చులోని బీట మీదుగా వెళ్లినప్పుడల్లా టక్కుమన్న చప్పుడు కూడా విన్నాను.

పెద్దమనిషి వచ్చి వంగి చూశాడు. తవుడు మీద ఒకే జాడ. ఎక్కడా విడిపోలేదు, ఎక్కడా మందం పెరగలేదు. ఆయన ముఖం చిట్లించాడు. మూడుసార్లు తిరిగితే ఇలా ఉంటుందా? ఆయన ఎన్నో పోటీలు చూసిన మనిషి, కానీ అంత శుభ్రమైన జాడ చూసి ఉండడు. ఒక్కసారి తిరిగి ఆపేసిందనుకున్నాడు. ‘‘మూడుమాట్లు తిరిగింది దొరా!’’ అని మిల్లు ఆడవాళ్లు అరిచారు. వాళ్లు ఆమె మనుషులని ఆయన చెయ్యి ఊపి ఆపేశాడు. నా వైపు తిరిగాడు.

‘‘మీరు అఖ్బారు మనిషి. ఎవరి పక్షమూ కాదు. మీరు చెప్పండి, ఎన్నిసార్లు?’’

అప్పుడే స్టేషన్లో బండి కూత వేసింది. వెళ్లిపోతున్న కూత. నా కవరు అందులో ఉంది. ఉన్నది చెబితే రేపటి పత్రికలో నా వార్త అబద్ధమవుతుంది. నా ఉద్యోగం కోసం కాచుకున్నవాళ్లు ఉన్నారు, జరగనిది రాసినవాడినని తేలితే అది పోతుంది. ఇదంతా అప్పుడు ఇంత వరుసగా ఆలోచించానా? లేదు. కూత విన్నాను, నోరు తెరిచాను.

‘‘నాకు ఒక్కసారి తిరిగినట్టే కనిపించింది.’’

‘కనిపించింది’ అన్నాను. పత్రికల వాళ్లం ఇలాంటి మాటల వెనక దాక్కోవడం బాగా నేర్చుకుంటాం.

పెద్దమనిషి కాగితం మీద గోపాల్ రెడ్డి పేరు రాసుకున్నాడు. శాంతమ్మ నా వైపు ఒకసారి చూసి, కూర్చుని పట్టీలు విప్పుకుంది. మళ్లీ తిరుగుతానని అడగలేదు. అడిగితే ఆయన ఒప్పుకునేవాడేమో. నేనైనా ఆ మాట అనవచ్చు కదా, మరోసారి తిరగనివ్వండని? అనలేదు. మళ్లీ తిరిగితే మళ్లీ ఒకే జాడ పడుతుందని నాకు తెలుసు. తవుడు బర్రెలకు పనికొస్తుంది, గచ్చు మీద వదిలిపెట్టరు. ఆమె తల్లే చీపురు తీసుకుని, ఆ జాడను ఒక చివరి నుంచి ఊడ్చుకుంటూ వచ్చి చాటలోకి ఎత్తింది.

గోపాల్ రెడ్డి బొంబాయి వెళ్లాడు, వెనకబడ్డాడు, తిరిగొచ్చి వ్యవసాయంలో పడ్డాడు. యుద్ధం మొదలయ్యాక దొరసాని తన దేశం వెళ్లిపోయింది. ఇంకేదైనా దారి చూపుతుందన్న ఆశ కూడా ఓడెక్కి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు ఎల్లారెడ్డి బస్సులో శాంతమ్మ కనిపించింది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచే రోజులు. ఎత్తు వస్తే చాలు బస్సు ఆగేది, అందరం దిగి తోయాలి. కామారెడ్డి వైపు నాట్లు ముగించుకుని వస్తున్నదట. బురదలో నాని కాలివేళ్ల సందులు తెల్లగా పాచిపోయి ఉన్నాయి. బస్సు ఆగినచోట నా పక్కనే నిలబడింది. తప్పించుకుందామని చూశాను. ఆమే పలకరించింది.

‘‘అన్నా, గుర్తువట్టినవా?’’

‘‘శాంతమ్మవు గదా.’’

‘‘అగో, పేరు యాదికున్నది! పేపర్ల మాత్రం ఇంకో అభ్యర్థి అని రాస్తివి. మా దొరసాని సదివిపిచ్చుకొని ఎంత ఏడ్సిందో.’’

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

‘‘నేను బూట్లు కట్టుకుంటుంటెనే జట్కాయనకు కవరు ఇచ్చినవ్ గదా. సూసిన.’’

‘‘ఏ కవరు?’’

‘‘గదే. నేను ఓడిపోయిన కవరు.’’

‘‘అది వేరే వార్త శాంతమ్మా. మార్కెట్ల వడ్ల ధరలది.’’

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వింది. మిల్లులో అత్తను ఆటపట్టించిన నవ్వే.

‘‘గట్లనా. మరి నా ధర ఎంత రాసినవే అన్నా?’’

నాకు ఒళ్లు మండింది. దొరికిపోయినవాడి కోపం. ‘‘గంత అనుమానం ఉంటె అప్పుడే చెప్పకపోయినవా?’’ అన్నాను.

‘‘ఎవలకు చెప్పాలె? పేపరోళ్లకా?’’

అవతలి నుంచి కండక్టరు తోయండని కేకవేశాడు. అందరం చేతులు ఆనించాం. ఆమె నా పక్కనే బస్సును తోసింది, నాకంటే బలంగా. ఎత్తు దాటాక ఎక్కి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఎల్లారెడ్డిలో దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు. ఇప్పుడు ఉందో లేదో తెలియదు.

మిల్లులో చెప్పిన అబద్ధానికి కూత ఒక సాకు. బస్సు దగ్గర ఏ కూతా లేదు. ఏ బండీ వెళ్లిపోవడం లేదు. ఆమె ఏమీ కోరలేదు, నిందించను కూడా లేదు. ‘అవును’ అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఆమె చేతిలో పెట్టి ఉంటే, తన కళ్లు తనను మోసం చేయలేదని ఇంకొకరి నోట విన్నట్టయ్యేది. నేను ధరలని అన్నాను. రెంటిలో ఏది పెద్ద తప్పని మీరు అడిగితే, రెండోదే అంటాను. అడగకపోయినా అదే అంటాను.

నన్ను మన్నించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. ఆమెదీ కాదేమో, ఆమె నన్ను మన్నించాలా వద్దా అన్న లెక్క పెట్టుకుని బతికిన మనిషి కాదు. నేను చేయగలిగింది నాకు తెలిసిన పని ఒకటే. తప్పు పడిన వార్తకు మేం సవరణ వేస్తాం. లోపలి పేజీలో, చిన్న అక్షరాలతో, ఎవరూ చదవని చోట. ఎంత ఆలస్యమైనా వేయాలని కొత్తవాళ్లకు నేనే చెప్పేవాణ్ని.

కామారెడ్డి మిల్లు గచ్చు మీద జరిగిన పోటీలో ఎల్లారెడ్డి శాంతమ్మ మూడుసార్లు తిరిగింది. జాడ మీద జాడ పడింది. విలేకరి చూశాడు.