ఆ పాటకి బావ వేసిన మార్కులు

ఆ పాట మా ఖరగ్‌పూర్‌లోకి హిజ్లీ వైపు నుంచి వచ్చింది. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లలో చలికాలం చివర విద్యార్థుల పండగ జరిగినప్పుడు మూడు రోజులు మోగింది. నాలుగో రోజున గోల్‌బజార్ బట్టల దుకాణాల్లో మోగింది. వారం తిరిగేసరికి టోటోలనే బ్యాటరీ రిక్షాల్లోనూ, చేపల బజారు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లోనూ, ట్రాఫిక్ అని పిలిచే మా రైల్వే కాలనీలో ప్రతి మూడో క్వార్టర్లోనూ మోగుతూ ఉంది. యూరప్‌లో ఏదో దేశం వాళ్ల డాన్సు పాట. ఏ దేశమన్నదాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఇటలీ అన్నవాళ్లున్నారు, స్వీడన్ అన్నవాళ్లున్నారు. రష్యా అన్న ఒక పెద్దమనిషి ఇప్పటికీ తన మాట వెనక్కి తీసుకోలేదు.

చాలా ఏళ్లు దినపత్రికలకి వార్తలు రాసినవాణ్ణి కాబట్టి అలవాటు కొద్దీ విచారించాను. ఎవరు పాడారు, ఎప్పుడు పాడారు అంటే పిల్లలు ఫోను చూసి చెప్పారు. ఏమని పాడారు అంటే ఎవరూ చెప్పలేదు.

"మీనింగుతో పనేటి తాతా, బీటు సూడు" అంది పక్క క్వార్టర్ అమ్మాయి.

టోటో నడిపే బెంగాలీ ఆయన్ని అడిగాను. "గాన్ భాలో, దాదా. మానే జానీ నా" అన్నాడు. పాట బాగుంది, అర్థం తెలీదు అని. అర్థం తెలియకపోవడం తన తప్పు కాదన్నట్టు ఖాళీ రోడ్డు మీద హారన్ కొట్టాడు.

ఆ పాటకి ఇంత పేరు రావడంలో మా బావకి కూడా కొంత వాటా ఉంది. బావ అంటే మా అప్ప భర్త. అక్కని మేం అప్ప అంటాం. రైలు పెట్టెలు తనిఖీ చేసే పనిలో రిటైరయ్యాడు. కొడుకూ రైల్వేలోనే ఉన్నాడు కాబట్టి ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. పొడుగు కర్ర వేసిన సుత్తితో చక్రాన్ని కొట్టి, మోతని బట్టి దానిలో బీట ఉందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగంలో ఒక భాగం. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. బీటవారినది మూలుగుతుంది. ఆ తేడా వినడంలో బావకి పేరుంది. చక్రం సంగతి తెలిసిన చెవికి సంగీతం సంగతి తెలియకపోతుందా అన్న తర్కం మీద మా కాలనీ తెలుగు సంఘం వాళ్లు ఆయన్ని ఉగాది పోటీలకి జడ్జిని చేశారు. అప్పట్నుంచీ ఏటా ఆయనే. ఆ ఒక్క రోజు కోసం ముందు రోజే చొక్కా ఇస్త్రీ చేయించి, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసేవాడు.

చిక్కేమిటంటే, మూడేళ్లుగా ఆయనకి చెవులు వినబడటం లేదు.

ఈ సంగతి మా అప్పకి తెలుసు. అప్ప చెప్పగా నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి పదమంటే, "జనాలే నోట్లో నోట్లో మాట్లాడతన్నారు గానీ నా సెవులకేటైంది?" అనేవాడట. ఒక్కసారి మాత్రం అప్ప దగ్గర నిజం ఒప్పుకున్నాడు. "మిషను పెట్టుకుంటే అందరికీ కనబడతాది. సెవిటోడు పాటలకి జడ్జీ ఏట్రా అంటారు. ఆ కుర్సీ పోతే ఇంక నన్నెవుడు పిలుస్తాడే?" అన్నాడట. అప్ప మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరి మూడేళ్లు జడ్జిగా ఎలా నెట్టుకొచ్చాడు అంటే, నా పుణ్యమే. పత్రికల మనిషినని నన్నూ జడ్జిగా కూర్చోబెట్టేవారు. మూడో జడ్జి స్కూలు టీచరమ్మ. బావ నా పక్కనే కూర్చుని నా కాగితంలోకి చూసి మార్కులు వేసేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. కాగితాన్ని కాస్త ఆయన వైపు జరిపి పెట్టేవాణ్ణి కూడా. మా ఇద్దరి మార్కులూ ప్రతి పాటకీ సరిగ్గా ఒకటే అవుతున్నాయని సంఘం కార్యదర్శి సభలో రెండుసార్లు మెచ్చుకున్నాడు. అనుభవం అంటే అలా ఉండాలన్నాడు.

పోయిన ఉగాదికి ఆ కార్యదర్శే, ఆడవాళ్లకి గౌరవం ఇవ్వాలని టీచరమ్మని మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. బావ అటు, నేను ఇటు అయ్యాం. బావ మెడ సాచి చూశాడు. టీచరమ్మ, పరీక్ష హాల్లో కాపలా కాసిన అలవాటేమో, తన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా కాగితం ఆమె చేతికి అవతల ఉంది.

హాలు మధ్యాహ్నం ఒంటిగంట వరకే మాది కాబట్టి పాటలూ డాన్సులూ కలిపి ఒకటే పోటీ. ఎనిమిదో అంశంగా వర్కుషాపులో వెల్డరు కూతురు, పదకొండేళ్ల పిల్ల, ఒక కీర్తన పాడింది. సన్నటి గొంతు. ఫ్యాన్లు ఆపించి మరీ విన్నారు జనం. నేను తొమ్మిది వేశాను. బావ ఆ పిల్ల పెదాల వంక చూస్తూ కూర్చున్నాడు. అవి పెద్దగా కదల్లేదు.

పదో అంశంగా నలుగురు అమ్మాయిలు ఆ యూరప్ పాటకి డాన్సు చేశారు. బావ కుర్చీ పక్కనే పెద్ద స్పీకరు ఉంది. పాట మొదలవగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. రెండు పాదాలూ నేలకి ఆనించాడు. మొహంలో వెలుగొచ్చింది. డాన్సు అయ్యేదాకా అమ్మాయిల వంక చూడనే లేదు, స్పీకరునే చూశాడు.

ఫలితం మైకులో చదివారు. మొదటి బహుమతి ఆ డాన్సుకి. కీర్తన పాడిన పిల్లకి ఏమీ లేదు. బావ డాన్సుకి పది వేశాడు, కీర్తనకి రెండు.

హాలు లేచింది. ఉగాది పూట, తెలుగు సంఘంలో, భాషేదో తెలియని పాటకి ఫస్టు ఏమిటని గుడి పంతులుగారు లేచారు.

"ఏటుందో ఆ పాటలో ఎవుడికి తెలుసు? బూతులున్నా తెలీదు" అన్నారు.

"మీరు సదివే మంత్రాల్లో ఏటుందో మాకు తెలుసేటి పంతులుగారూ? దండం పెట్టట్నేదా?" అంది డాన్సు చేసిన ఒక అమ్మాయి తల్లి.

కార్యదర్శి మైకు తెచ్చి బావ చేతిలో పెట్టి, కారణం చెప్పమన్నాడు. ఆయన ఏమన్నాడో బావకి వినబడలేదు. కోపాలు కనబడ్డాయి. అది చాలింది.

"సూడండి" అన్నాడు బావ. "మంచి సక్రానికి మొదటి దెబ్బ ఎలాగ మోగిందో నూరో దెబ్బా అలాగే మోగాల. ఈ పాటని మొదట్నుంచి కడదాకా కొట్టి సూసినాను. ఎక్కడా బీట నేదు. ఈ బండి ఎక్కడా ఆగదు."

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో సగం మంది చక్రాల మధ్య బతికినవాళ్లే. పంతులుగారు కూర్చున్నారు. ఆ పాట గురించి తర్వాత నేను పేపర్లలో చదివినవేవీ ఇంత స్పష్టంగా లేవు.

అంతటితో అయిపోయేది. ఉగాది పచ్చడి పంచుతున్నారు. వెల్డరు కూతురు గ్లాసు చేత్తో పట్టుకుని బావ కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. ఏడవడం లేదు. నేర్చుకుందామని వచ్చినట్టుంది.

"తాతగారూ, నాను ఎక్కడ తప్పు పాడినాను?" అంది.

బావ నవ్వి తలూపాడు. ఆ పిల్ల మళ్లీ అడిగింది. బావ మళ్లీ తలూపాడు. "సెప్పండి తాతగారూ, మళ్లీ అలాగ పాడను" అంది. అప్పుడు బావ నా వంక చూశాడు.

గట్టిగా అరిచి చెబితే హాలంతా వింటుంది. అందుకని ఖాళీ మార్కుల కాగితం తీసి, 'తన పాటలో తప్పెక్కడో చెప్పమంటోంది' అని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. నాలుగు ముక్కలు చదవడానికి అంతసేపు పట్టదు. కావాలంటే గమకమనో, శ్రుతి అనో ఏదో ఒకటి అనేయవచ్చు. ఆ పిల్ల నమ్మేది. నమ్మి, లేని తప్పు దిద్దుకుంటూ ఏడాదంతా సాధన చేసేది. నేనైతే శ్రుతి అనేసేవాణ్ణి.

"నీ పాటలో తప్పు నేదమ్మా" అన్నాడు బావ. "నాకు ఇనబడనేదు. నాకు సెవుడు."

చెవుడు ఉన్నవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట మైకు లేకుండానే గుమ్మం దాకా వెళ్లింది. పచ్చడి పోస్తున్న ఆవిడ గరిటె ఆపింది.

ఆ పిల్ల, "మరి ఆ డాన్సు పాటెలాగ ఇనబడింది?" అంది. ఇది నేను రాయక్కర్లేకపోయింది. ఆ పిల్లే కాలితో నేల మీద తాళం కొట్టి, స్పీకరు వైపు చూపించింది.

"అది కాళ్లల్లోంచి వచ్చిందే తల్లీ" అన్నాడు బావ. "మూడేళ్లకి ఒక పాట ఇన్నాను. పది ఏసినాను."

తర్వాత తన మార్కుల కాగితం కార్యదర్శి దగ్గర్నుంచి అడిగి తీసుకున్నాడు. రైల్వేలో పాడైన పెట్టె కనబడితే దాని మీద 'సిక్' అని రాస్తారు, ఇంక దాన్ని బండికి తగిలించకూడదని. బావ తన పేరు పక్కన ఆ మాట రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చేశాడు. కార్యదర్శి దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. "ఠీక్ హై" అన్నాడు.

బావ మార్కులు తీసేసి మళ్లీ కూడితే కీర్తనకి మొదటిది, డాన్సుకి రెండోది వచ్చాయి. డాన్సు అమ్మాయిల్లో ఒకత్తె వచ్చి, బావకి వినబడేలా చెవి దగ్గర అరిచింది: "తాతా, మాకు నువ్వేసిన పది పోయిందేటి?"

"మార్కులు పోయినాయి. పాట బాగానే ఉంది" అన్నాడు.

ఇంటికి టోటోలో బయల్దేరాం. అదే పాట మోగుతోంది. బావ ఒక చెయ్యి ఇనప కమ్మీ మీద ఆనించి కూర్చున్నాడు. గోల్‌బజార్ మలుపు దాటాక, "ఒరే, సెవుల డాక్టరు సోమారం ఉంటాడేట్రా?" అన్నాడు.

ఉంటాడన్నాను. ఆయన ఇంకా నా మొహం వంకే చూస్తున్నాడు. టోటో ఆయన్ని పాట ఆపమని, మళ్లీ గట్టిగా చెప్పాను.