కదలని బోల్టు

మనిషి పోయాక ఆయన తుపాకీ ఇంట్లో ఉండకూడదు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. అందుకని మా ఆయన దినాలు అయిపోగానే నేనూ మా తమ్ముడూ ఆయన కొత్త రైఫిల్‌ను దుప్పటిలో చుట్టి ఠాణాకు తీసుకుపోయాం.

ఆ రైఫిల్ మా మక్క చేను కోసం కొన్నది. జైనూర్ దగ్గర మా చేను అడవి అంచున ఉంటుంది. అడవి పందులు ఒక్క రాత్రి వస్తే ఏడాది కష్టం పోతుంది. నేను కరీంనగర్‌లో కాలేజీలో పాఠాలు చెబుతూ సెలవులకు వచ్చేదాన్ని. ఆయన చేను దగ్గరే ఉండేవారు. పొద్దున్నే ఫోను చేసి, "రాత్రి మళ్ల కాల్చిన. పందులు వాగు దాటి పోయినయ్" అని చెప్పేవారు. భుజం నొప్పి అనేవారు. రైఫిల్ వెనక్కు తంతుందని ఎక్కడో చదివాను కాబట్టి నమ్మి, నొప్పి మందు కొని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను.

దినాల నాడు చాలామంది మాట్లాడారు. ఒకాయన మా ఆయనను సూర్యుడన్నాడు, ఇంకొకాయన మహావృక్షం అన్నాడు. మా ఆయన పొట్టిగా ఉండేవారు, ఎండ పడేది కాదు. నేను తల వంచుకుని విన్నాను. చివరికి పక్క చేనాయన లేచి, "అన్న లేకుంటె నా మక్క గూడ పందులే తినిపోతుండె" అని కూర్చున్నాడు. ఆ రోజు విన్నవాటిలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. ఊళ్లో చాలామంది తలలూపారు. ఆయనకు మిగిలిన పేరు అది: పందులను తుపాకీతో తరిమిన మనిషి.

ఠాణాలో కానిస్టేబుల్ రైఫిల్ పక్కనున్న పిడి పట్టుకుని పైకి ఎత్తబోయాడు. ఆ పిడిని పైకెత్తి వెనక్కు లాగితే బోల్టు తెరుచుకుని లోపల తూటా ఉందో లేదో కనిపిస్తుంది. అది కదలలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. అయినా కదలలేదు.

"మేడం, లోపల గుండు ఉన్నదో లేదో తెల్వకుంట నేను తీస్కోను. దుకాణంల చూపిచ్చి తెరిపిచ్చుకొని రాండ్రి," అన్నాడు.

దుకాణం కరీంనగర్‌లో ఉంది. అయితే మా తమ్ముడు మందమర్రిలో బొగ్గు బావి ఫిట్టరుగా చేసి ముందుగానే రిటైరైనవాడు. బోల్టు అన్న మాట వినబడ్డాక వాణ్ని ఇంకొకరి దగ్గరికి తీసుకుపోవడం ఎవరివల్లా కాదు.

"కొండంత యంత్రాలు విప్పినోన్ని అక్కా. గిది నాకొక లెక్కనా?"

లెక్కే అని కాసేపట్లో తేలింది. పెరట్లో మట్టి కుప్ప వైపు గొట్టం తిప్పి, ట్రిగ్గరు దగ్గరికి వేలు పోనీయకుండా, వాడు పిడి మీద బలమంతా పెట్టాడు. వాడి ముఖం ఎర్రబడింది. పిడి అట్లాగే ఉంది.

నేను రైఫిల్‌తో వచ్చిన చిన్న పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టాను. సేఫ్టీ వేసి ఉంటే బోల్టు తెరుచుకోదని అందులో ఉంది. చూస్తే నిజంగానే వేసి ఉంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని జాగ్రత్తగా తీశాం. పిడి గోరంత కదిలి మళ్లీ ఆగింది.

"చూసినవా, పుస్తకం చదివితే గోరంత కదిలింది," అన్నాను.

"మిగిలింది సుత్తె జూస్కుంటది. సుత్తె ఏడున్నదక్కా?"

"ఇంట్ల లేదు."

ఉంది. దాని మీద నేను కూర్చున్నాను.

తుప్పు పట్టి ఉంటుందని వాడన్నాడు. కొత్త తుపాకులకు ఫ్యాక్టరీలో పూసే చిక్కటి గ్రీజు తీయకుండా వదిలేస్తే గడ్డకడుతుందని పుస్తకం అంటోంది. తుప్పు అయినా గ్రీజు అయినా మందు ఒకటే కదా అని ట్రాక్టరులోంచి కొంచెం డీజిలు తీసి బోల్టు చుట్టూ చుక్కలు చుక్కలుగా వేశాం. ఎండలో పెట్టి అన్నాలు తిన్నాం. తిని వచ్చాక వాడు అరచేత్తో పిడిని కింది నుంచి పైకి కొడుతూ పోయాడు. కీచుమని శబ్దం చేసి పిడి లేచింది. బోల్టు వెనక్కు వచ్చింది.

లోపల తూటా లేదు. ఒకరి తరువాత ఒకరం వంగి ఆ ఖాళీని చూశాం.

తరువాత ట్రిగ్గరు నొక్కిపెట్టి బోల్టును పూర్తిగా బయటికి లాగితే సంగతి తెలిసింది. గ్రీజు ఉంది, కొంచెం తుప్పూ ఉంది. వాటికంటే ఎక్కువగా గాడిలో, ముందు భాగంలో ఎండి గట్టిపడిన ముద్ద ఉంది. పసుపుపచ్చగా, మధ్యలో ఎర్రగా ఉంది.

తమ్ముడు వాసన చూశాడు. "అక్కా, గిది గంధం."

దసరా నాడు మా ఆయన ఆయుధ పూజ చేస్తారని ఊరంతటికీ తెలుసు. ట్రాక్టరుకు, మోటారుకు, గడ్డపారకు, మిక్సీకి, నా కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టేవారు. కంప్యూటరు మీద పెట్టింది తుడిస్తే ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. కొత్త రైఫిల్‌కు పైన బొట్టు పెట్టడం నేనూ చూశాను. ఆయనకు అది చాలలేదన్నమాట. దుకాణంలో నూనె వేసినట్టు మెత్తగా ఆడిన బోల్టును తెరిచి, నీళ్లలో కలిపిన గంధం, పసుపు, కుంకుమ లోపల పూసి, మూసి, దేవుని అర్రలో నిలబెట్టారు.

"బావ దేవునికి గింత లోపటిదాక పోనిచ్చిండా?" అని తమ్ముడు నవ్వాపుకోలేకపోయాడు.

గాడిలో ఒకచోట వేలి గుర్తు ఉంది. గంధం మీద గీతలు గీతలుగా, స్పష్టంగా. తమ్ముడు గుడ్డ డీజిల్లో ముంచి నా వైపు చూశాడు. గుడ్డ తీసుకుని నేనే తుడిచాను. కొంచెం గట్టిగానే తుడవాల్సి వచ్చింది.

శుభ్రం చేసి, పలుచటి నూనె రాసి, బోల్టు మళ్లీ ఎక్కించాం. ముందుకూ వెనక్కూ బాగానే పోతోంది. పిడి పైకెత్తేటప్పుడు మాత్రం కొంచెం బిగువు. లోపల ఇంకా ఏదో ఉందని వాడు. ఎత్తేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది కాబట్టి కొత్తదానికి ఆ మాత్రం ఉంటుందని పుస్తకం.

"గా పుస్తకం రాసినోడు ఫిట్టరా?" అని అడిగాడు తమ్ముడు.

నా బుర్ర అప్పటికే వేరే దారిలో పోతోంది. దసరా నాటి గంధం చెక్కుచెదరకుండా ఉందంటే బోల్టు దసరా తరువాత తెరుచుకోలేదు. లోపలికి పోయి తూటాల పెట్టె తెచ్చాను. దాని సీలు కూడా తీయలేదు.

"మరి గన్ని రాత్రులు కాల్చింది దేంతోటక్కా?"

"బాంబులు అయ్యుంటయ్. దీపావళివి."

"మరి భుజం నొప్పి?"

"బాంబులు ఇసిరితే మాత్రం భుజం నొయ్యదా?" అన్నాను. ఆయన తరఫున వాదించడం నాకే వింతగా ఉంది. బోల్టు బిగుసుకుందని చెబితే తమ్ముడు నవ్వుతాడు. తుపాకీ ఎందుకు బావా, కంచె వేయించు అని అన్నవాడు వాడే. నాకు చెబితే నేను నవ్వుతాను. అందుకని ఎవరికీ చెప్పలేదు. అక్కడిదాకా నాకు అర్థమైంది. అర్థం కానిది రేపటి సంగతి. మమ్మల్ని ఠాణాకు తన ట్రాలీ ఆటోలో తీసుకుపోతానన్నది పక్క చేనాయన. ఆయన ముందే కానిస్టేబుల్ ఆ పెట్టె తెరుస్తాడు.

"కొన్ని గుండ్లు తీసి వాగుల పడేద్దాం," అన్నాడు తమ్ముడు, చాలా నెమ్మదిగా.

"నిన్ను గూడ అండ్లనే పడేస్త."

అబద్ధం చెప్పను, అడగంది చెప్పను. అదీ నేను చేసుకున్న నిర్ణయం. అడగకుండా ఉంటారన్న చిన్న ఆశ కూడా ఉంది.

మరునాడు ఠాణాలో బోల్టు తెరుచుకుంది. కానిస్టేబుల్ రెండుసార్లు ఆడించి, "మంచిగ చేసిండ్రు," అన్నాడు. తమ్ముడి ఛాతీ పెరిగింది. తరువాత అతను పెట్టె తీసుకుని తిప్పి చూశాడు.

"సీలు గూడ తియ్యలే గదా? సారు ఒక్కటన్న కాల్చలేదా మేడం?"

పక్క చేనాయన నా వెనకాలే నిలబడి ఉన్నాడు.

"లేదు," అన్నాను.

సంతకాలు అయ్యాయి. బయటికి వచ్చి ఆటో దగ్గరికి నడిచాం. పక్క చేనాయన తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"గంత మెల్లగ చెప్పినవేంది వదినె? నాకు తెల్వదనుకున్నవా?"

"తెలుసా?"

"తుపాకి పేలితె ఒక్కటే సప్పుడు. అన్న తుపాకి ముందుగాల సుర్రుమనేది, తర్వాత పేలేది. గసొంటి తుపాకి యాడన్న ఉంటదా? పొద్దుగాల్నే పోయి చేన్ల సుతిలి బాంబు కాగితాలు ఏరింది నేనే. మందిల పలుచన అయితడని."

"మరి దినాల నాడు అందరి ముందట అట్ల చెప్పినవ్?"

"పందులను తరిమిండని చెప్పిన. తరమలేదా? దేంతోటి అని నన్నెవలన్న అడిగిండ్రా?"

తమ్ముడు అవతలికి తిరిగి ఆటో టైరును పరీక్షగా చూడసాగాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

"ఆయనతో ఎప్పుడూ అనలేదా, నాకు తెలుసని?"

"ఎందుకంట వదినె? పొద్దున్నే చాయ్ తాగుకుంట, ఎట్ల గురి పెట్టిండో, పెద్ద పంది ఎట్ల మల్లి చూసిందో చెప్తుండె. మంచిగ చెప్తుండె."

నాకూ ఫోనులో ఆ పెద్ద పంది గురించి చెప్పారు. నేను మాత్రం మధ్యలో ఆపి, క్లాసు ఉందని పెట్టేశాను.

ఆటో ఎక్కాం. ఊరి మలుపు దాకా వచ్చాక పక్క చేనాయన వెనక్కు తిరగకుండానే అడిగాడు.

"పంపు షెడ్ల సంచిల ఇంకొన్ని బాంబులు ఉండాలె. నేను తీస్కపోనా? మొన్నటిసంది పందులు మళ్ల వస్తున్నయ్."

"తీస్కపో. కాని రైఫిల్ తోటి కాల్చిన అని మాత్రం చెప్పకు."

"చెప్తె ఎవలు నమ్ముతరు వదినె? రైఫిల్ ఠాణల పెట్టి వస్తుంటిమి గద."