ఆగ్నేయ మూల వంటగది

పక్షవాతం వచ్చిన తర్వాత మా అమ్మకు చెయ్యి మళ్ళీ స్వాధీనంలోకి వచ్చింది, కాలు వచ్చింది. మాట మాత్రం రాలేదు. దవాఖాన నుంచి చందానగర్‌లోని మా ఇంటికి తీసుకొచ్చిన రోజు ఆమె నోరు తెరిచి నన్ను ఏదో అడిగింది. గొంతు అమ్మదే, మాట విరుపు అమ్మదే. కానీ బయటికి వచ్చినవి మాటలు కావు, ఏ భాషకూ చెందని ముక్కలు. అవి తన చెవిన పడగానే ఆమె ఆగిపోయింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ కొంగు తియ్యలేదు.

మాట నేర్పే డాక్టరమ్మ గచ్చిబౌలిలో ఉంటుంది. అమ్మను పరీక్షించి, నన్ను పక్కకు పిలిచి దాపరికం లేకుండా చెప్పింది.

"మనం అనేది అమ్మకు అర్థమవుతుందమ్మా. తను అనాలనుకున్న మాట దొరకదు, దాని బదులు ఇంకేదో వస్తుంది. సిగ్గుపడి నోరు మూసుకున్నదనుకో, ఉన్నది కూడా పోతుంది. ఈ కొన్ని నెలలే ముఖ్యం. ఎట్లనైనా మాట్లాడించు."

ఎట్లనైనా అంటే ఎట్లా? నాకు తెలిసిన పద్ధతి ఒకటే, అదీ అమ్మ దగ్గర నేర్చుకున్నదే. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బడికి పంపితే ఊపిరాడక ఇంటికి మోసుకొచ్చేవారు. అందుకని మూసాపేటలో మేమున్న కిరాయి ఇంట్లో అమ్మే నాకు బడి అయ్యింది. బియ్యం ఏరుతూ ఎక్కాలు, కూరగాయలు తరుగుతూ పద్యాలు చెప్పించేది. పాత ఇంగ్లిష్ పేపరు నేల మీద పరిచి అక్షరం మీద వేలు పెట్టేది. తప్పు చదివితే కోప్పడేది కాదు. సరిగ్గా చదివేదాకా ఆ వేలు మాత్రం తీసేది కాదు. పదో తరగతి ప్రైవేటుగా రాసి పాసయ్యానన్నా, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానన్నా, అది ఆ వేలు పెట్టిన భిక్ష.

నేనూ అలాగే కూర్చున్నాను. గ్లాసు చూపించి, "నీళ్ళు అనమ్మా, నీళ్ళు" అనేదాన్ని. ఆమె నా వైపు చూసేది, గ్లాసు వైపు చూసేది. దాహం వేస్తున్నా చెయ్యి చాచేది కాదు. ఒక రోజు తనే గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, నీళ్ళు ముంచుకుని తాగి, మళ్ళీ వచ్చి మంచం మీద అటు తిరిగి పడుకుంది. పూజ గదిలో కూర్చుని నేను స్వామిని మాటలు అడగడం మానేశాను. ఆ కొంగు ఒక్కటి తీయించు తండ్రీ, చాలు అనేదాన్ని.

ఇక్కడ నా ఆట సంగతి చెప్పాలి. మా ఆయన హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో ఏసీలు, కరెంటు చూసుకుంటారు. మా పెళ్ళయిన కొత్తలో ఆ ఆఫీసు వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చారు. దాని లోపల ఎవరో మరిచిపోయిన సీడీ ఒకటి ఉంది. పెట్టి చూస్తే ఆట. అందులో గెలవడం, ఓడటం ఉండవు. ఒక ఇల్లు కట్టాలి, మనుషుల్ని పెట్టాలి, వాళ్ళు తినేలా, నిద్రపోయేలా, పనికి పోయేలా చూసుకోవాలి. వాళ్ళు కొట్లాడుకుంటారు, కలిసిపోతారు, ముసలివాళ్ళవుతారు. దేవుడు చూసుకోవాల్సిన పనిలో నేను వేలు పెడుతున్నానేమోనని మొదట్లో భయమేసింది. దీపం పెట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే ఆడేదాన్ని. ఆయన షిఫ్టుకు వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ తెర మీది మనుషులు అన్నం తినే వేళకు నాకూ ఆకలి గుర్తుకొచ్చేది.

కొన్నేళ్ళకు ఆ కంప్యూటర్ పాడైపోయింది. కొత్తది కొన్నాం గానీ పాత ఆట అందులో నడవలేదు. అప్పుడే యూట్యూబులో ఒకావిడ దొరికింది. ఏ దేశమో తెలియదు, మొహం ఎప్పుడూ చూపించదు, గొంతు మాత్రమే. ఈ కాలం కంప్యూటర్లలో ఆ పాత ఆటను ఎలా నడిపించాలో తొందర లేకుండా, ఆగి ఆగి చెప్పింది. అమ్మ పేపరు మీద నేర్పిన ఇంగ్లిష్ దానికి సరిపోయింది. ఆవిడ వెనుక ఇంకా కొందరు దొరికారు. ఒకతను ఒకే కుటుంబాన్ని మనవలు, మునిమనవల దాకా సాకుతూ వస్తున్నాడు. ఒకమ్మాయి ఇళ్ళు మాత్రమే కడుతుంది, వాటిలో ఎవరినీ ఉండనివ్వదు. కొత్త కొత్త ఆటలు ఎన్ని వచ్చినా వీళ్ళు ఈ పాతదాన్ని వదలలేదు. చందానగర్‌లో ఒక ఆడమనిషి దీపం దగ్గర తమ క్షేమం కూడా కోరుకుంటోందని వాళ్ళకు తెలియదు.

ఆ ఆటలో మనుషులు మాట్లాడే భాష మన భాషల్లో ఏదీ కాదు. ఊరికే శబ్దాలు. కోపమైతే కోపంగా, ముద్దొస్తే ముద్దుగా. వీడియోలావిడకు ఒక అలవాటుంది. వాళ్ళు ఏమన్నా సరే జవాబు చెబుతుంది. తెర మీద ఎవరో చేతులూపుతూ గొణిగితే, అలాగా, ఎవరన్నారు నిన్ను, అయ్యో పాపం అంటుంది.

ఒక మధ్యాహ్నం అమ్మ మంచం మీద ఉంది. నేను కూరగాయలు తరుగుతూ ఆవిడ వీడియో పెట్టుకున్నాను. తెర మీద ఒక ముసలాయన పక్కింటామె మీద ఇంతెత్తున లేచి, అర్థంలేని శబ్దాలతో దులిపేస్తున్నాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని అదే భాషలో అంతకంటే గట్టిగా అందుకుంది. నా వెనుక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే అమ్మ కొంగు వెనుక నవ్వుతోంది. భుజాలు కదులుతున్నాయి. దవాఖాన నుంచి వచ్చాక నేను చూసిన మొదటి నవ్వు అది. ఏమైనా అంటే ఆగిపోతుందేమోనని తరుగుతూనే ఉన్నాను.

మర్నాడు అమ్మే కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆమె కోసం ఆటలో ఒక అమ్మను చేశాను. అందులో చీరలుండవు, పొడుగు గౌను తొడిగాను. ముడి పెట్టాను, కళ్ళద్దాలు పెట్టాను. అమ్మ వంగి చూసి, తన ముడిని తడుముకుంది. పక్కన కూతురిగా నన్ను పెట్టాను. వీళ్ళకు ఇల్లు కడుతుంటే అసలు గొడవ మొదలైంది. నేను పొయ్యిని ఒక మూల పెట్టాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకో మూల పెట్టాను. నుదురు కొట్టుకుంది. అప్పుడు అర్థమైంది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి.

"ఆగ్నేయం సరే, తూర్పు ఎటమ్మా? ఈ ఆటలో సూర్యుడే కనిపించడు."

ఆమె కిటికీ వైపు చూపించింది, తెర వైపు చూపించింది, వదిలేది లేదన్నట్టు కూర్చుంది. డ్యూటీకి బయలుదేరుతూ మా ఆయన వెనుక నిలబడ్డారు.

"ఏందే, అత్తమ్మ గూడ ఆడుతున్నదా?"

"ఆడుతలేదు. మేస్త్రీ లెక్క నిలబడి కట్టిస్తున్నది. తూర్పు ఎటో దొరుకుతలేదట."

"రోడ్డున్న దిక్కే తూర్పు అనుకోండ్రి. మన బిల్డర్ గూడ గట్లనే జెప్పి ఈ ఫ్లాటు అంటగట్టిండు."

అమ్మ అల్లుడి వైపు తిరిగి ఒప్పుకున్నట్టు తల ఊపింది. రోడ్డు తూర్పయ్యింది. దాని ప్రకారం ఆగ్నేయ మూల చాలా ఇరుకు. అయినా గోడలు జరిపి వంటగది అక్కడే కట్టాను. వండేవాళ్ళు తూర్పు ముఖంగా నిలబడాలి కదా, అందుకని పొయ్యి పోయి పోయి తలుపు పక్కకు వచ్చింది. ఆ గదికి అదొక్కటే తలుపు. మిగిలిన చోటంతా చెక్క అల్మారాలు సర్దాను. ఆ ఇంటి ఫోను హాల్లో ఉంది. ఇరుకు గదిలో పొయ్యి పెట్టవద్దని వీడియోలావిడ ఎన్నోసార్లు చెప్పింది. వాస్తు ముందు అది నాకు తోచనే లేదు.

ఆటలోని అమ్మను వండమన్నాను. కాసేపటికి పొయ్యి మీద మంట లేచింది, అల్మారాకు అంటుకుంది, తలుపుకు అడ్డం పడింది. లోపల ముడి, కళ్ళద్దాల మనిషి చేతులెత్తి అరుస్తోంది. ఆ ఆటలో మంట అంటుకుంటే ఎవరూ పారిపోరు, దగ్గరికి పరుగెత్తుకొచ్చి నిలబడి అరుస్తారు. ఫైరింజన్‌ను పిలవడానికి కూతురిని ఫోను దగ్గరికి పొమ్మంటే తను కూడా మంట దగ్గరికే పోతోంది. మళ్ళీ పొమ్మన్నాను, మళ్ళీ అక్కడికే.

అప్పుడు మా అమ్మ లేచి నిలబడి అరిచింది. ముందు తెర మీది మనిషి మీద, తర్వాత నా మీద. ఒక్క మాట కూడా మాట కాదు. కానీ చిన్నప్పుడు కిరోసిన్ స్టవ్ దగ్గరికి నేను పాకితే అరిచిన అరుపు ఇదే అయ్యుంటుంది. ఆమె వేలు హాల్లో ఉన్న ఫోను బొమ్మ మీద పడింది, అక్కడి నుంచి కదల్లేదు. నేను కూతురిని ఆపి, మళ్ళీ పొమ్మని, మళ్ళీ ఆపి, చివరికి ఫోను చేయించాను. ఫైరింజన్ వచ్చింది. వంటగది నల్లగా కాలిపోయింది. ముడి మనిషి బయటపడింది.

అమ్మ ఆగలేదు. నా వైపు తిరిగి అందుకుంది. పొడుగ్గా, ఊపిరి తీసుకోకుండా, మధ్యలో చెయ్యి తిప్పుతూ. కొంగు భుజం మీద ఉంది. అటు చూడకుండా ఉండటానికి నాకు చాలా ప్రయాసైంది. మంట అనమ్మా అనే మాట అలవాటుగా నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. ఆ మొహం చూపించని ఆవిడ చేసేదే చేశాను.

"అవునమ్మా. తలుపు పక్కన పెట్టుడు తప్పే."

అమ్మ ఇంకేదో అంది.

"నిజమే, అన్ని అల్మారాలు ఎందుకు పెట్టిన్నో నాకే తెల్వదు."

ఇంకా అంది, ఈసారి కొంచెం నెమ్మదిగా.

"సరే, గోడ తీసేస్త. మరి పొయ్యి ఇంకో మూలకు జరపనా?"

ఆమె గొంతు మళ్ళీ పైకి లేచింది. పొయ్యి జరగదు. ఇల్లు కాలినా ఆగ్నేయం ఆగ్నేయమే.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అమ్మ మొదలుపెట్టింది. రెండు చేతులూ పైకెత్తి మంటలు చూపించింది, చెవి దగ్గర పిడికిలి పెట్టి ఫోను చూపించింది, మధ్యమధ్య నన్ను వేలెత్తి చూపించింది. దాని కింద ఆ మాటలు కాని మాటలు గలగలా పారుతున్నాయి. ఆయన నా వైపు చూశారు. ఆమెనే చెప్పనిచ్చాను.

"నిప్పా అత్తమ్మా?"

అమ్మ గట్టిగా తల ఊపింది.

"ఈమెనే పెట్టిందా?"

ఇంకా గట్టిగా.

"అరె, నేను డ్యూటీకి పోంగనే ఇల్లు తగలబెట్టుకుంటుండ్రు మీరిద్దరు. జర భద్రం అత్తమ్మా, మీ బిడ్డను ఓ కంట కనిపెట్టాలె."

ఆయన నవ్వుతూనే అన్నారు గానీ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు నల్లా కట్టెయ్యలేదు. నేను పూజ గదిలోకి వెళ్ళాను. అడగడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే కూర్చున్నాను.

తర్వాతిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె అమ్మ చెప్పేదంతా వింటూ చాలాసేపు కూర్చుంది. "ఏ మాటలు తిరిగొస్తాయో నేను మాటివ్వలేనమ్మా. కొన్ని రాకపోవచ్చు. ఈ మాట్లాడుడు మాత్రం ఆపనియ్యకు" అంది. ఇప్పటికి అయ్యో వచ్చింది, వద్దు వచ్చింది. నీళ్ళు రాలేదు. నా పేరు రాలేదు. నన్ను పిలవాలంటే ఆమె ఒక శబ్దం చేస్తుంది, అది రోజుకొక తీరుగా ఉంటుంది. నేను పలుకుతాను. నా పేరు ఆమె నోట మళ్ళీ వింటానో లేదో తెలియదు. అయినా పక్క గదిలో అమ్మ గొంతు వినిపిస్తూ ఉన్న ఇల్లు నాది. ఆ స్వామికి, ఆ డాక్టరమ్మకు, ఎక్కడో కూర్చుని బొమ్మలతో మాట్లాడే ఆ వీడియో మనుషులకు రుణపడి ఉన్నాను.

మొన్న చందానగర్ మార్కెట్‌కు తనూ వస్తానని చెప్పులు వేసుకుంది. జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. ఆకుకూరలమ్మే ఆమె దగ్గర నేను తోటకూర కట్ట తీసుకోబోతుంటే అమ్మ నా చెయ్యి పక్కకు తోసి, కట్ట విప్పి, లోపలి వాడిన ఆకులు బయటికి లాగి చూపిస్తూ అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఇప్పుడు గనుక ఎవరైనా నవ్వితే ఆ కొంగు మళ్ళీ పైకి లేస్తుంది.

"ఏందక్కా, ఏమంటున్నది మీ అమ్మ?" అని ఆకుకూరలామె నన్ను అడిగింది.

"నన్నెందుకు అడుగుతవ్? నీతోనే కదా మాట్లాడుతున్నది."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, అమ్మ వైపు తిరిగింది. గోనె పట్టా మీద ముందుకు జరిగింది.

"అబ్బో, గంత కోపమెందుకమ్మా. పొద్దుటి సంది ఎండల ఉన్నయి, వాడవా మరి? ఇగో, తడిబట్ట కింద మంచియి ఉన్నయి, నువ్వే ఏరుకో."

అమ్మ కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏదో అంది.

"ఆఁ? ఏందీ?" ఆకుకూరలామె చెవి దగ్గరికి వంగింది. "లొల్లిల ఇనపడలేదమ్మా. ఇంకోసారి చెప్పు."

అమ్మ ఇంకోసారి చెప్పింది.