వెలిగించని కొవ్వొత్తి

ఉయ్యూరు దగ్గరి బడిలో సైన్సు చెప్పే శాలిని టీచర్ సంచి నిండా ఖాళీ సీసాలు, స్ట్రాలు, బెలూన్లు ఉంటాయి. బస్సు దిగేటప్పుడు ఆ సంచిని గుండెకు అదుముకుంటుంది. ఏ పాఠమైనా ముందు పిల్లల చేత చేయించేది. ఒకరోజు వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించబోతుంటే ఏడో తరగతి డయానా చున్నీకి నిప్పంటుకుని చెయ్యి కాలింది. "చదువు చెప్పమని పంపాం గానీ, నిప్పుతో ఆడించమని కాదు కదండీ," అంది వాళ్లమ్మ. అప్పటినుంచి శాలిని సంచి తెస్తున్నా, అన్నీ బోర్డు మీద బొమ్మ గీసే చెబుతోంది.

నిన్న డయానా లేచి, "గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి నిజంగా ఆరిపోతుందా టీచర్? ఆ రోజు నేను చూడనేలేదండీ," అంది. శాలిని అగ్గిపెట్టె తీసింది. పుల్ల పట్టుకుని డయానా చేతి వైపు చూసి, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేసింది. "ఆరిపోతుందమ్మా. రాసుకోండి," అంది. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. చూడకుండా ఏదీ రాసుకోవద్దని వాళ్లకు నేర్పింది తనే.