దప్పళం రుచి చూసే ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు ఏది తిన్నా బాగుండేది. హాస్టల్ సాంబారు బాగుండేది, తిరువూరు బస్టాండులో చల్లారిపోయిన పునుగులు బాగుండేవి, మా అమ్మ తిట్టుకుంటూ పెట్టిన చద్దన్నం మరీ బాగుండేది. అలాంటి నాలుకతో ఎ.కొండూరు నుంచి వచ్చి, నర్సింగ్ అసిస్టెంటు కోర్సు ముగించి, తిరువూరు శివార్లలో మామిడితోట పక్కనున్న చిన్న ఆసుపత్రిలో చేరాను. ఇక జబ్బు నయం కాదని తేలినవాళ్ళు చివరి రోజులు నొప్పి లేకుండా గడిపే చోటది. (“పెళ్ళిచూపుల్లో మాత్రం ఉట్టి ఆసుపత్రి అని చెప్పండి చాలు” అని మా మేనత్త అమ్మకు సలహా ఇచ్చింది.) పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, ఎండిపోయిన నోళ్ళను దూదిపుల్లతో తడపడం నా పని. భోజనాల రుచి చూడటం కూడా నా పనే అవుతుందని కోర్సులో ఎవరూ చెప్పలేదు.

ఆ పని పెట్టింది వినగడప ఊరి నుంచి వచ్చి చేరిన పేషెంటు, మేమంతా అమ్మమ్మ అని పిలిచే పెద్దావిడ. గొంతులో జబ్బు వల్ల ఆవిడకు ఏదీ మింగుడుపడేది కాదు, ముక్కులో గొట్టం ద్వారానే ఆహారం. మాటకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో భోజనాలైనా ఆవిడ విస్తరి ముందు కూర్చుందంటే వంటవాళ్ళకు చెమటలు పట్టేవట. ఇప్పుడు ఆవిడ బెంగంతా తన పెద్దకర్మ భోజనాల మీదే. ఆ మాటెత్తితే చాలు, కొడుకు “అలా మాట్లాడకమ్మా” అని కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయేవాడు. “వీడు మాట్లాడడు. రేపు నేను పోయాక బెజవాడ నుంచి ఎవర్నో పిలిపించి ఫ్రైడ్ రైసు పెట్టిస్తాడు. ఇన్నేళ్ళూ ఊరందరి వంటలకీ వంకలు పెట్టినదాన్ని, నా భోజనాలకి వంక పెట్టకుండా ఊరుకుంటారటే?” అంది నాతో. ఆవిడ భయం నిజమైన భయమే. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

కొడుక్కి తెలియకుండా ఊళ్ళో వంటమేస్త్రికి ఫోన్ చేయించింది. ఆయన ఫంక్షనుకు బయానా ఇస్తారనుకుని తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. “ఎవరిదండీ ఫంక్షను?” అన్నాడు. “నాదే.” మేస్త్రి గొట్టం వంకా నా వంకా చూశాడు. “ఎప్పుడనుకుంటున్నారండీ?” అని నసిగాడు. “అది నా చేతిలో లేదయ్యా. పైవాడు కబురు పెట్టగానే మావాడు చెబుతాడు. ముందు నువ్వు గుమ్మడికాయ దప్పళం చేసుకురా, చూద్దాం” అంది. పాపం, ఆయన మర్నాడే క్యారేజీతో హాజరయ్యాడు.

నాలుక మీద కాస్త రాస్తే తప్పులేదని డాక్టరుగారు ఒప్పుకున్నారు. దూదిపుల్ల దప్పళంలో ముంచి రాస్తే అమ్మమ్మ కళ్ళు మూసుకుని “చింతపండు పాతది” అనేది. మేస్త్రి తల దించుకుని వెళ్ళి మళ్ళీ చేసుకొచ్చేవాడు. కొన్నాళ్ళకు ఒకరోజు పుల్ల రాస్తే ఆవిడ మళ్ళీ రాయమంది. రెండోసారి రాశాక “నాకేం తెలియట్లేదే పిల్లా. ఇక నువ్వే తిని చెప్పాలి” అంది. నేను తిన్నాను. “బాగుందమ్మమ్మగారూ” అన్నాను. “బాగుందంటే ఏంటే? ముందు పులుపు తగులుతోందా, తీపి తగులుతోందా? మింగాక నాలుక మీద ఏం మిగిలింది? గబగబా మింగకు, అదేం మందుబిళ్ళ కాదు!” అని కేకలేసింది. అలా రోజూ తిని, రోజూ తిట్లు తిని, నా యూనిఫాం నడుము దగ్గర బిగుసుకుపోయింది.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నోటినిండా దప్పళం ముక్కతో ఉండగా కొడుకు లోపలికి వచ్చాడు. “ఏమ్మా, మా అమ్మకి చుక్క నీళ్ళు దిగట్లేదు, నువ్విక్కడ కూర్చుని భోంచేస్తున్నావా?” అన్నాడు. గబుక్కున మింగితే అమ్మమ్మ తిడుతుందని భయం. అందుకని ఆయన్ని ఆగమని చెయ్యి చూపించి, తీరిగ్గా నమిలి, “పులుపు సరిపోయిందమ్మమ్మగారూ, బెల్లం చాల్లేదు” అని చెప్పి, అప్పుడు ఆయన వైపు తిరిగాను. (ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.) అమ్మమ్మ మాత్రం, “నా పెద్దకర్మ దప్పళం రా. నువ్వు మాట్లాడవుగా, అందుకని ఈ పిల్లతో చెప్పుకుంటున్నా. నువ్వూ చూడు” అంది. ఆయన దగ్గరికొచ్చి అరచెయ్యి చాపితే, దప్పళం వేశాను. నోట్లో వేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నువ్వు చేసినట్టు లేదమ్మా” అన్నాడు. “ఎందుకు లేదో చెప్పు.” “బెల్లం... బెల్లం చాల్లేదు.” ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి ఆయన వరండాలోకి వెళ్ళలేదు. పెద్దకర్మకు పెట్టే బూరెల దగ్గర మొదలుపెట్టి, ఇద్దరూ చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నారు.

పెద్దకర్మకు వినగడప వెళ్ళాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలాను. బెల్లం చాల్లేదు! తలెత్తితే పంక్తి చివర గుండు చేయించుకున్న కొడుకు, దప్పళం బకెట్టుతో నా ముఖంలోకే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన బకెట్టు అక్కడే దింపాడు. నేను విస్తరి ముందు నుంచి ఎంగిలిచేత్తోనే లేచాను. వంటల పందిట్లోకి ఇద్దరం వెళ్ళేసరికి మేస్త్రి మమ్మల్ని చూసి, “బెల్లమేగా?” అని నిట్టూర్చి అచ్చు పగలగొట్టి గుండిగలో వేశాడు. మళ్ళీ వడ్డన జరిగింది. నా పక్కనున్న ముసలావిడ జుర్రుకుంటూ, “ఆవిడే ఉంటే దీనికీ ఓ వంక పెట్టి ఉండేది” అంది. “పెట్టిందండీ” అన్నాను. ఎందుకో అప్పుడు వచ్చింది ఏడుపు.

ఇప్పుడు మా ఆసుపత్రిలో కొత్తగా చేరే పిల్లలకు నేనే పని నేర్పుతున్నాను. ఎవరొచ్చినా దూదిపుల్ల దేంట్లో ముంచమంటారో ముందు అడగమని చెబుతాను. కాఫీ అంటారు, మామిడిపండు రసం అంటారు, ఒకాయన ఆవకాయ ఊట అన్నాడు. విందుల్లో మా ఆయన నా పక్కన కూర్చోవడానికి జంకుతాడు. దేన్నయినా బాగుందని హాయిగా తినేసిన ఆ పిల్లను తలుచుకుంటే ఒక్కోసారి అసూయగా కూడా ఉంటుంది. ఇంట్లో దప్పళం వండిన రోజు గరిటె నాలుకకు తాకించి, “బాగుంది” అనబోయి ఆగుతాను. ఆగి, బాగుందంటే ఏంటో మనసులో ఆవిడకు వివరంగా చెప్పి, అప్పుడు ఇంకో బెల్లం ముక్క వేస్తాను.