నాలుగు రోజులు పొయ్యి వెలిగించకుండా

ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పేవాణ్ణి. అంటే, ఇంకొకడు రాసిన ప్రోగ్రాములో తప్పులెలా పట్టాలో అరవైమంది నిరుద్యోగులకి ఒకే గదిలో, ఒకే ఏసీ కింద కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. నేను మాత్రం ఏ కంపెనీలోనూ ఒక్కరోజు కూడా టెస్టింగ్ చేసినవాణ్ణి కాదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అమీర్‌పేటలో అప్పుడు ఈత రానివాళ్ళే ఈత నేర్పేవాళ్ళు. విచిత్రమేమిటంటే, నేర్చుకున్నవాళ్ళు ఎలాగోలా ఒడ్డున పడేవాళ్ళు.

ఒక వేసవిలో నాన్న తణుకు నుంచి ఫోన్ చేసి, సెలవుల్లో నాలుగు రోజులు హైదరాబాదు వస్తున్నాం, ప్లాను వెయ్యమన్నారు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ప్లాను వెయ్యమన్నారంటే పది మార్కుల ప్రశ్న ఇచ్చినట్టే. వచ్చేది ముగ్గురు. నాన్న, అమ్మ, మేనత్త. అత్తయ్య నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న ఇచ్చిన తీర్పుల మీద అప్పీలు వినే పై కోర్టు ఆవిడే.

ఏమేం చూస్తారని అడిగాను. గోల్కొండ, మ్యూజియం, బిర్లా మందిరం అని నాన్న గుక్క తిప్పుకోకుండా చెప్పి ఫోను అత్తయ్యకిచ్చారు.

"చూసేదేముందిరా అబ్బాయ్, ఎక్కడికెళ్ళినా రాళ్ళే కదా. తినడానికి ఏం పెట్టిస్తావో అది చెప్పు. బిర్యానీ అంటారు, ఇరానీ చాయ్ అంటారు, ఆ ఎండు పళ్ళతో ఏదో మీఠా అంటారు. అన్నీ రాసుకో."

రాసుకున్నాను. చివరికి ఫోను అమ్మకి చేరింది. చేతులు పమిటకి తుడుచుకుని వచ్చి ఉంటుంది. నీకేం కావాలమ్మా అని అడిగాను.

"నాకేం వద్దురా. నాలుగు రోజులు పొయ్యి వెలిగించకుండా ఉంటే చాలు" అంది, నవ్వుతూనే.

నేనూ నవ్వాను. కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మకి పెళ్ళై అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ తన చేతివంట కానిది తిన్నది పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో. ఆ తర్వాత నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో. రైల్లో వెళ్ళినా పులిహోర ఆవిడదే. మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి, "నీ చేత అగ్గిపుల్ల కూడా గీయించనమ్మా, పూచీ నాది" అన్నాను. సరేలే అంది. నమ్మినట్టే అనిపించింది.

నేను ప్లాను వెయ్యడం మొదలుపెట్టాను. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లో గళ్ళు గీశాను. అడ్డంగా గురువారం నుంచి ఆదివారం దాకా రోజులు, నిలువుగా పూటలు. ఒక్కో గడిలో ఎక్కడ తినాలో, దానికి ముందు ఎక్కడ తిరగాలో రాశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంక షరతులు రావడం మొదలైంది.

ముందు నాన్న. బయటి ఇడ్లీల్లో సోడా వేస్తారు, ఆయన కడుపుకి పడదు. అందుకని నాలుగు రోజుల టిఫిన్ల గడుల్లోనూ "ఇంట్లో" అని మార్చాను. తర్వాత, ప్రయాణం చేసి వచ్చినరోజు బయట తింటే అరగదట. గురువారం మధ్యాహ్నం కూడా "ఇంట్లో". అక్కడితో అయిపోయిందనుకుంటే అసలు కథ అత్తయ్య చెప్పింది. గురువారం ఆవిడ బాబాకి, శుక్రవారం లక్ష్మీదేవికి మొక్కుకుంది కాబట్టి ఆ రెండురోజులూ నీచు ముట్టదు. అంతేకాదు, ఎవరైనా అది తింటున్న బల్ల దగ్గర కూర్చోదు. గురువారం రాత్రీ, శుక్రవారం రెండు పూటలూ "ఇంట్లో". శనివారం నాన్న ఏడుకొండలవాడికి ఇచ్చేశారు. ఆరోజు ఉల్లిపాయ కూడా కూడదు. ఉల్లిపాయ లేకుండా వండే హోటలు హైదరాబాదులో నాకు తెలిసి లేదు. శనివారం మధ్యాహ్నం, "ఇంట్లో".

ఇలా దేవుళ్ళందరూ తలా ఒక వారం పంచుకోగా బిర్యానీకి మిగిలింది ఆదివారం ఒక్కటే. అమ్మకి మాత్రం ఏ వారమూ మొక్కు లేదు. అందరి మొక్కులూ ఆవిడే వండాలి కాబట్టి తీరిక ఉండేది కాదేమో.

ఆ కాగితాన్ని రంగుల్లో ప్రింటు తీసి, పంజాగుట్టలో ఒక జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను. బల్కంపేట సందులో నేను అద్దెకున్న రెండు గదుల్లో, వంటగట్టు పైన గోడకి అంటించాను. అక్కడైతే అందరికీ కనిపిస్తుందని నా తెలివి. ఓనరమ్మ కింద పోర్షన్లో ఉంటుంది. బిందె కోసం పైకొచ్చి చూసి, ముక్కున వేలేసుకుంది.

"గిదేంది బిడ్డా, పెండ్లి కార్డు లెక్క మెరుస్తున్నది?"

"మావాళ్ళొస్తున్నారండీ. ఏ పూట ఎక్కడ తినాలో ప్లాను."

"తినేతందుకు సుత ప్లానా? ఆకలైతే తింటరు గద."

గురువారం పొద్దున్న స్టేషన్ నుంచి రెండు ఆటోల్లో దిగారు. మనుషులు ముగ్గురు, సామాన్లు తొమ్మిది. అప్పుడే కలిపిన కొత్తావకాయ జాడీ, కందిపొడి, సున్నుండల డబ్బా, పాతిక కిలోల బియ్యం బస్తా. హైదరాబాదు బియ్యం లావుగా ఉంటాయని నాన్న ఎక్కడో విన్నారట. భోజనప్రియుల నగరానికి విహారయాత్రకి వస్తూ మావాళ్ళు రుబ్బురోలు ఒక్కటే ఇంట్లో వదిలొచ్చారు.

దిగిన గంటకి అమ్మ ఉప్మా చేసింది. ఈ ఒక్కపూటేలే అన్నాను. ఉప్మాయే కదా అంది. మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు. అన్నమే కదా అనలేదు.

మిగతావాళ్ళకి మాత్రం విహారయాత్ర బ్రహ్మాండంగా సాగింది. అమీర్‌పేట రోడ్డు మీద కరపత్రాలు పంచేవాళ్ళు అరవైరెండేళ్ళ అత్తయ్య చేతిలో కూడా జావా కోర్సు కాగితం పెట్టారు. ఆవిడ కాదనకుండా అన్నీ పోగుచేసి, సున్నుండలు పొట్లాలు కట్టడానికి దాచింది. నాన్న అయితే ఫ్రీ డెమో క్లాసంటే చాలు, ఎండ తగ్గేదాకా వెళ్ళి ఏసీలో కూర్చునేవారు. ఒకచోట సారు తప్పు లెక్క చేస్తే లేచి నిలబడి సరిదిద్దారట. అక్కడ ఆయనకి ఉద్యోగం ఇస్తామన్నారు. ఇరానీ చాయ్ తాగి అత్తయ్య, "ఇది చాయేంట్రా, పాయసం!" అని రెండోది చెప్పింది. శుక్రవారం గోల్కొండ ఎక్కాం. పైకి ఎక్కాక అమ్మ సంచిలోంచి పులిహోర కారియర్ తీసింది. పొద్దున్నే నాలుగున్నరకి లేచి చేసింది. మాకు వడ్డించి, పక్కన కూర్చున్న ఎవరో కుటుంబానికి కూడా పెట్టింది. నవాబుల కోటలో మేం చేసిన విందు అది. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను, బాగుంది కూడా.

శనివారం పొద్దున్న నాకు ఏడింటికి బ్యాచ్ ఉంది. నాన్న, అత్తయ్య మ్యూజియానికి బయల్దేరారు. అమ్మ, "మీరు చూసిరండి, నేను వంట సంగతి చూస్తాను" అని ఆగిపోయింది. బ్యాచ్ చెప్పి, ఒకడి అనుమానాలు తీర్చి, పన్నెండుకి నేను ఇంటికొచ్చేసరికి అమ్మ వంటగట్టు దగ్గర నిలబడి బీరకాయ చెక్కు తీస్తోంది. కుక్కర్లో పప్పు ఉడుకుతోంది. ఎదురుగా గోడ మీద నా ప్లాను ఆవిరికి చెమట పట్టి మెరుస్తోంది.

"ఒరేయ్, నిన్నట్నించీ అడుగుదామనుకుంటున్నాను" అంది, బీరకాయ మీద నుంచి కళ్ళెత్తకుండా. "బిర్యానీ ఎదురుగా హోటలు పేరు రాశావు. చాయ్ ఎదురుగా కొట్టు పేరు రాశావు. ఈ 'ఇంట్లో' అన్నచోటల్లా ఎవరి పేరూ రాయలేదేంట్రా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. నేను గోడ వంక చూశాను. అరవైమందికి తప్పులు పట్టడం నేర్పే మొనగాణ్ణి, వారంరోజులు కూర్చుని, షరతు చెప్పిన ప్రతివాడికీ ఆ ఒక్కమాటతో సర్దిచెప్పాను. ఆ మాట రాసిన ప్రతిసారీ అమ్మకిచ్చిన మాటలో ఒక్కో గడి కొట్టేశాను. నాన్ననీ అత్తయ్యనీ ఏమనాలి? వాళ్ళు అడిగారంతే. రాసింది నేను.

స్టవ్ కట్టేశాను.

"అయ్యో, పప్పు ఇంకో రెండు కూతలు రావాలిరా!"

"రానక్కర్లేదు. చీర మార్చుకో. బయటికెళ్తున్నాం."

"మీ నాన్న ఒంటిగంటకి ఆకలితో వస్తార్రా. శనివారం..."

"వస్తే వస్తారు."

మెట్లు దిగుతూ కూడా సణుగుతూనే ఉంది. కింద ఓనరమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తాళంచెవి ఇచ్చి సంగతి చెప్పాను. ఆవిడ అమ్మని ఎగాదిగా చూసింది.

"మంచిగ పోయిరా అక్కా. మూడు దినాల్సంది చూస్తున్న, పొద్దుగాల్నే నీ కుక్కర్ కూతకే లేస్తున్నం. వాళ్ళొస్తే నేన్ జెప్త. జర గూడ ఫికర్ జేయకు."

అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ కుర్రాళ్ళు తినే మెస్సు ఒకటుంది. మేడ మీద పొడుగాటి హాలు, స్టీలు బల్లలు, ఎంత అడిగితే అంత అన్నం. నా ప్లానులో దానికి చోటే లేదు, వచ్చినవాళ్ళకి చూపించేంత గొప్పది కాదని. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది, ఏ క్షణమైనా లేవాల్సి వస్తుందన్నట్టు. వంటగదికి తలుపు లేదు. లోపల బనీనేసుకున్న ఒక లావుపాటాయన పెద్ద గుండిగలో గరిట తిప్పుతున్నాడు.

"మగాళ్ళే వండుతున్నార్రా!" అని నా చెవిలో చెప్పింది. మ్యూజియంలో కూడా ఇంత వింత ఉండదేమో. నాన్నావాళ్ళు మూడు ఆటోలు మారి పోయారు పాపం.

పక్కబల్ల కుర్రాడికి మజ్జిగ అందలేదని చూసి, అమ్మ లేచి జగ్గు అందుకోబోయింది. వడ్డించే ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"మీరు కూసోండ్రమ్మా. ఏం గావాల్నో చెప్పుండ్రి, నేను తెస్త గద."

కూర్చుంది. ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది. అన్నంలో పప్పు కలిపి, నెయ్యి వేయించుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

మా ఇంట్లో ఆ మాట నాన్నది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మొదటి ముద్దకి ఆయన అనేవారు, అమ్మ ఉప్పుగిన్నె పట్టుకుని నిలబడేది. ఉప్పు సరిపోయిన రోజున ఏమీ అనేవారు కాదు, అదే మెప్పు. ఆ మాట అమ్మ నోట వినడం నాకు అదే మొదలు. ఆవిడకీ అదే మొదలనుకుంటాను, ఎందుకంటే ఇంకోసారి అనాలనిపించినట్టుంది. చెయ్యెత్తి వడ్డించే ఆయన్ని పిలిచింది.

"బాబూ, పప్పులో ఉప్పు తక్కువైందయ్యా."

"మాఫ్ జేయండ్రమ్మా, ఇప్పుడే తెస్త" అని ఆయన నిజంగానే ఉప్పు కోసం పరిగెత్తాడు. అమ్మ ఆయన పరిగెత్తే వైపే చూస్తోంది. ఆ మొహంలో అంత ఆనందం నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా చూడలేదు. నాకు నవ్వొచ్చింది.

అంతలో మెట్ల మీద నాన్న, వెనకాల ఆయాసపడుతూ అత్తయ్య. ఓనరమ్మ దారి చెప్పి పంపినట్టుంది. నాన్న మొహం కందగడ్డలా ఉంది. ఏదో అనబోయి, ఇంతమంది కుర్రాళ్ళ ముందు బాగుండదని మింగేసి, అమ్మ పక్కన కూర్చున్నారు. ఉల్లిపాయ లేనివి ఏవో అడిగి పప్పూ పెరుగూ వేయించుకున్నారు. మొదటి ముద్ద తిన్నారు. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను.

"బానే ఉందిగా, ఉప్పు సరిపోయింది" అన్నారు.

"లేదండీ, తక్కువే" అంది అమ్మ, తలెత్తకుండా. అని, వడ్డించే ఆయన్ని పిలిచి ఇంకాస్త పప్పు వేయించుకుంది.